కరెంటు వ్యాన్‌లో కాపురం: ఐడి బజ్ క్యాంపర్‌తో బ్రిటన్ తిరగొచ్చా?

రాత్రికి ప్లగ్గు ఉన్న చోట ఆగేవాళ్లకు ఫోక్స్‌వాగన్ ఐడి బజ్ మంచి క్యాంపర్ వ్యాన్. ఏ లోయలోనో, సముద్రం ఒడ్డునో నచ్చిన చోట బండాపి మూడు నాలుగు రాత్రులు గడిపేద్దాం అనుకునేవాళ్లకు పనికిరాదు. వాళ్లు ఇంకొన్నాళ్లు డీజిల్ బండితోనే ఉండటం మేలు. బ్రిటన్‌లో ఉంటూ సెలవులకు స్కాట్లాండ్, లేక్ డిస్ట్రిక్ట్, వేల్స్ చుట్టివచ్చే తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని ఈ లెక్కలు వేశాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, రెండు పూటలా అన్నం: మా కొలమానం ఇదే.

ముందు బండి సంగతి. 2022లో యూరప్‌లో అమ్మకానికి వచ్చిన పొట్టి ఐడి బజ్‌లో వాడుకోగలిగిన బ్యాటరీ 77 యూనిట్లు. యూనిట్ అంటే మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. వెనక చక్రాలను తిప్పే మోటారు 204 హార్స్‌పవర్. పొడవు 4.71 మీటర్లు, అద్దాలు కాక వెడల్పు 1.98, ఎత్తు 1.94. తర్వాత వచ్చిన పొడుగు బండి 4.96 మీటర్లు, 86 యూనిట్లు, 286 హార్స్‌పవర్. పైకి లేచే కప్పు, పరుపులు, వంటగట్టుతో ఫోక్స్‌వాగన్ తానే తయారుచేసే క్యాంపర్ పేరు క్యాలిఫోర్నియా. 2024 నాటి క్యాలిఫోర్నియాను ఫోక్స్‌వాగన్‌దే మల్టీవ్యాన్ అనే బండి మీద కట్టారు, అందులో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (పెట్రోలుతోనూ ప్లగ్గులో పెట్టి నింపిన కరెంటుతోనూ నడిచేది) ఉంది కానీ పూర్తి కరెంటు బండి లేదు. కాబట్టి ఐడి బజ్‌ను ఇల్లుగా మార్చాలంటే బయటి వర్క్‌షాపు చేతే చేయించాలి. నెదర్లాండ్స్‌కు చెందిన వెంట్యే లాంటి సంస్థలు ఈ పని చేస్తున్నాయి.

కంపెనీ కాగితం మీద పొట్టి బండి 400 కి.మీ. పైచిలుకు పోతుంది. మోటార్‌వే మీద 70 మైళ్ల వేగంతో నలుగురినీ సామాన్లనూ ఎక్కించుకుని పోతే ఎండాకాలంలో వంద కిలోమీటర్లకు 23 నుంచి 25 యూనిట్లు తాగుతుంది. జనవరి చలిలో, వానలో, హీటర్ వేసుకుంటే 28 నుంచి 31. యాత్రలో ఎవరూ సున్నా దాకా తోలరు, ప్రతిసారీ వంద దాకా నింపుకోరు కూడా. 10 శాతం నుంచి 80 శాతం మధ్యనే బతకాలి, అంటే చేతిలో ఉన్నది 54 యూనిట్లు. ఒక్కో అంగ ఎండాకాలంలో 225 కి.మీ., చలికాలంలో 180. లండన్ నుంచి లేక్ డిస్ట్రిక్ట్‌లోని విండర్‌మియర్ దాదాపు 280 మైళ్లు. ఇంటి దగ్గర వంద శాతం నింపుకుని బయల్దేరితే దారిలో ఒకసారి అరగంట, మరోసారి పావుగంట ఆగితే సరిపోతుంది. పిల్లలున్న ఇంట్లో అంతకంటే ఎక్కువే ఆగుతారు, కాబట్టి ఇది పెద్ద లోటు కాదు. ఉత్తర స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌కు ఒక్కరోజులో కొట్టేద్దాం అనుకుంటేనే చికాకు మొదలవుతుంది.

వేగం మీద ఒక మాట. డబ్బాలాంటి బండికి గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 70 మైళ్ల నుంచి 60కి దిగితే మొత్తం ఖర్చులో దాదాపు ఆరో వంతు మిగులుతుంది. చార్జర్ దూరంగా ఉందని గుండె దడదడలాడినప్పుడు హీటర్ కట్టేసి గడగడ వణకడం కంటే లారీల వరుసలో చేరిపోవడం తెలివైన పని. కప్పు మీద సామాన్ల పెట్టె, వెనక సైకిళ్లు బిగించడం ఈ లెక్కను బాగా చెడగొడతాయి.

కొండల భయం అక్కర్లేదు, చిన్న జాగ్రత్త చాలు. స్కాట్లాండ్‌లో యాపిల్‌క్రాస్‌కు పోయే బెయలాక్ నా బా కనుమ దాదాపు సముద్ర మట్టం నుంచి 626 మీటర్లకు ఎక్కుతుంది. సామాన్లతో 2.8 టన్నులుండే బండిని అంత ఎత్తుకు లేపడానికే దాదాపు 5 యూనిట్లు కావాలి. దిగేటప్పుడు మోటారే బ్రేకు వేస్తూ అందులో సగానికి పైగా వెనక్కి ఇచ్చేస్తుంది. అయితే బ్యాటరీ నిండుగా ఉంటే ఆ కరెంటుకు చోటు ఉండదు, బండి మామూలు బ్రేకుల మీదే దిగాల్సి వస్తుంది. కొండ మీది ఊళ్లో రాత్రి ఆగితే ఉదయానికి 90 శాతం దాటనివ్వకండి. ఆ కనుమ పెద్ద మోటార్‌హోమ్‌లకు తగదని కిందే బోర్డు ఉంటుంది. ఐడి బజ్ పడుతుంది కానీ వెడల్పు గుర్తుపెట్టుకుని తోలాలి.

ఇక అసలు చిక్కు రాత్రిది.

2022, 23ల్లో అమ్మిన ఐడి బజ్‌లలో పెద్ద బ్యాటరీ నుంచి 230 వోల్టుల కరెంటు బయటికి తీసుకునే ప్లగ్గు లేదు. కాళ్ల కింద 77 యూనిట్లున్నా కుక్కర్ పెట్టడానికి ఒక్క యూనిట్ అందదు. పెరట్లో గోదావరి పారుతుంటే బిందె నీళ్లకు ట్యాంకర్ కోసం చూసినట్టుంటుంది. అందుకే మార్పుచేసేవాళ్లు విడిగా 12 వోల్టుల లిథియం బ్యాటరీ పెడతారు. 100 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు. ఫ్రిజ్ ఒక్కటే రోజుకు అర యూనిట్ దాకా తింటుంది. దీపాలు, ఫోన్లు, నీళ్ల పంపు లెక్కలోకి రానంత.

మన వంట లెక్క ఇది. లీటరు నీళ్లు మరగడానికి 0.11 యూనిట్. అరకిలో బియ్యం రైస్ కుక్కర్‌లో 0.3. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు 0.25. ఒక కూర 0.3. పొద్దున ఉప్మా, రెండుసార్లు టీ కలిపితే ఇంకో అర. మొత్తం రోజుకు ఒకటిన్నర యూనిట్. ఫ్రిజ్ కలిపితే రెండు. అంటే 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ చాలదు, 200ది పెట్టించాలి. ఇండక్షన్ పొయ్యి 2,000 వాట్లు లాగితే 12 వోల్టుల వైపు 180 ఆంపియర్ల దాకా పారుతుంది. 12 వోల్టులను 230 చేసే ఇన్వర్టర్ నుంచి బ్యాటరీకి 50 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగ, బ్యాటరీ పక్కనే 250 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, తీగ పొడవు మీటరు దాటకూడదు. చౌకగా చేసిన పనిలో మొదట కనిపించే లోపం సన్న తీగే. పొయ్యి వేయగానే వోల్టేజి పడిపోతుంది, ఇన్వర్టర్ కుయ్యిమని ఆగిపోతుంది, బ్యాటరీ చెడిపోయిందనుకుని మార్చేస్తారు. తీగ ముట్టుకుంటే వేడిగా ఉందా చూడండి, సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది.

ఆ రెండు యూనిట్లను మళ్లీ నింపడం ఇంకో తలనొప్పి. డీజిల్ బండిలో ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఉంటుంది. దీనికి లేదు. పెద్ద బ్యాటరీ నుంచి కన్వర్టర్ ద్వారా బండి సొంత 12 వోల్టుల బ్యాటరీకి వచ్చే కరెంటులోంచే కొంత మళ్లించాలి. 30 ఆంపియర్ల చార్జర్ పెడితే దక్కేది 400 వాట్లు. రోజుకు మూడు గంటలు తోలితే 1.2 యూనిట్లు, ఖర్చు రెండు. రోజూ 0.8 తరుగు. 200 ఆంపియర్-అవర్ బ్యాటరీతో మూడో రాత్రికి గిన్నె బోర్లించుకోవాల్సిందే. కప్పు మీద 100 వాట్ల సోలార్ పలక జూన్‌లో రోజుకు అర యూనిట్‌లోపు ఇస్తుంది, డిసెంబరులో దాన్ని లెక్కేసుకోకండి.

ఈ మళ్లింపు పనిలో జరిగే పొరపాటు మరొకటుంది. బండి ఆగి ఉన్నప్పుడు కూడా బండి సొంత 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగేలా కలిపితే తెల్లారేసరికి అది పడుకుంటుంది. ఆ చిన్న బ్యాటరీ లేకపోతే తాళాలు, కంప్యూటర్లు ఏవీ లేవవు. 77 యూనిట్లు నిండుగా ఉన్నా బండి కదలదు. బండి ఆన్‌లో ఉన్నప్పుడే చార్జర్ పనిచేసేలా సిగ్నల్ తీగ కలిపారా అని రాతపూర్వకంగా అడగండి. రాత్రిపూట జరుపుడు తలుపు మాటిమాటికీ తెరవడం, తాళంచెవి బండి లోపలే పెట్టుకోవడం వల్ల కంప్యూటర్లు మేలుకునే ఉంటాయి, అదీ మెల్లగా తినేస్తుంది.

ఇవన్నీ క్యాంప్‌సైట్‌లో నీలి రంగు ప్లగ్గు దొరికితే మాయమవుతాయి. బ్రిటన్ సైట్లలో అది 10 లేదా 16 ఆంపియర్లు, అంటే 2.3 లేదా 3.7 కిలోవాట్లు. ఫ్రాన్స్‌లో 6 ఆంపియర్లే ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఆ 1.4 కిలోవాట్లలో రైస్ కుక్కర్ నడుస్తుంది, ఇంటి కెటిల్ వేస్తే మొత్తం ట్రిప్ అవుతుంది. 750 వాట్ల చిన్న కెటిల్ కొనుక్కోండి. 25 మీటర్ల నారింజ కేబుల్ మొత్తం విప్పి పరవాలి. చుట్టగా వదిలేసి హీటర్ వేస్తే లోపలి చుట్ల తోలు కరుగుతుంది.

ఆ ప్లగ్గుతోనే బండి కూడా నింపుకోవచ్చా? సాంకేతికంగా కుదురుతుంది. 10 ఆంపియర్ల మీద 12 గంటలు పెడితే నష్టాలు పోను 24 యూనిట్లు, అంటే మర్నాటికి వంద కిలోమీటర్లు. నిదానంగా తిరిగేవాళ్లకు ఇది చాలు, ఫాస్ట్ చార్జర్ మొహం చూడకుండా వారం గడిపేయొచ్చు. అయితే చాలా సైట్లు ఆ ప్లగ్గుతో బండి చార్జ్ చేయనివ్వవు. ఒకే తీగ మీద నాలుగైదు స్థలాలు వేలాడుతుంటాయి, గంటల తరబడి నిండు లోడు పెడితే వరుస మొత్తం చీకటైపోతుంది. బుకింగ్ ముందే ఫోన్ చేసి అడగాలి, దొంగచాటుగా పెట్టొద్దు. ఒప్పుకున్న చోట బండి స్క్రీన్ మీద చార్జింగ్‌కు లాగే కరెంటును తగ్గించే అమరిక నొక్కి, పొయ్యి వాడే వేళ చార్జింగ్ ఆపి, పడుకునేముందు మొదలుపెట్టండి. 7 కిలోవాట్ల సొంత చార్జర్లు పెట్టిన సైట్లు పెరుగుతున్నాయి. వాటిలో రాత్రికి రాత్రి బండి నిండిపోతుంది. సైట్ ఎంచుకునేటప్పుడు ఈత కొలను కంటే ముందు దీన్ని చూడండి.

చలి విషయంలో కరెంటు బండి బలహీనం. డీజిల్ క్యాంపర్‌లో ట్యాంకు నుంచే ఇంధనం లాక్కునే రాత్రి హీటర్ గంటకు పావు లీటరు లోపే తాగి లోపలంతా వెచ్చగా ఉంచుతుంది. ఇక్కడ ట్యాంకే లేదు. విడిగా 10 లీటర్ల డీజిల్ డబ్బా బిగించినవాళ్లున్నారు. కరెంటు బండి కొని డీజిల్ కొట్టించుకోవడానికి బంకుకు వెళ్లడం చూడ్డానికి నవ్వులాటగా ఉన్నా పని మాత్రం చేస్తుంది. గ్యాస్ పెట్టాలంటే లీకైన గ్యాస్ కిందికి పోవడానికి నేలకు కన్నం ఉండాలి. నేలంతా బ్యాటరీయే కాబట్టి చోటు దొరకడం కష్టం. నీలి రంగు చిన్న క్యాంపింగ్‌గాజ్ సిలిండర్‌లో ఉండేది బ్యూటేన్, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరి కాదు, మంట రాదు. సైట్ ప్లగ్గు ఉంటే 1,000 వాట్ల ఫ్యాన్ హీటర్ చాలు, రాత్రికి 5, 6 యూనిట్లు. చలికాలంలో కప్పు పైకి లేపకుండా కిందే పడుకోండి, గుడ్డ గోడల నుంచి వేడి జారిపోతుంది. నలుగురి ఊపిరి నుంచి తెల్లారేసరికి లీటరుకు పైనే నీరు చేరుతుంది, కిటికీ వేలెడు తెరిచి ఉంచకపోతే పరుపు కింద బూజు పడుతుంది.

వంటగురించి ఇంకొంచెం. ఊళ్లో నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు, అడుగున ఇనుము ఉన్న స్టీలుది కావాలి. తాలింపు, వేపుళ్లు బయట గుడారం కింద పెట్టుకోండి. కప్పు గుడ్డకు పట్టిన నూనె జిడ్డు, ఇంగువ వాసన వదలవు, అమ్మేటప్పుడు ధర తెగ్గోస్తారు. ఇడ్లీపిండి బ్రిటన్ ఏప్రిల్‌లో బండిలో పులవదు, ఇంట్లో పులియబెట్టి ఫ్రిజ్‌లో తెచ్చుకోవాల్సిందే.

లోపలి చోటు సంగతి సూటిగా చెప్పాలి. పైకి చాలా విశాలంగా కనిపిస్తుంది, నేల మాత్రం బ్యాటరీ వల్ల ఎత్తుగా ఉంటుంది. నేలకు ఎక్కడ పడితే అక్కడ డ్రిల్ వేయకూడదు, నీళ్ల ట్యాంకు కింద వేలాడదీయడానికి లేదు. అందుకే మంచి వర్క్‌షాపులు ఫ్యాక్టరీ బోల్టు రంధ్రాలనే వాడుకుని పెట్టెల్లాంటి అమరికలు చేస్తాయి. బ్యాటరీ వారంటీ మీద ఏం ప్రభావం ఉంటుందో కాగితం మీద రాయించుకోండి. ఇద్దరు పెద్దలు కింద, ఇద్దరు చిన్నపిల్లలు పైన, అంతవరకు బాగుంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లను మోకాళ్లతో పైకి ఎక్కించలేం. వాళ్లు కింద, మీరు పైన, పిల్లలకు బయట గుడారం. టాయిలెట్‌కు గది ఉండదు, సీటు కింద దూర్చే పోర్టబుల్ డబ్బాయే.

బరువు ఇంకా కచ్చితంగా చూసుకోవాలి. పొట్టి బండి మోయగలిగింది 500 కిలోల చిల్లర. కప్పు 80, 100 కిలోలు, అల్మరాలూ మంచమూ మరో 100, బ్యాటరీలు, నీళ్లు, బియ్యం మూట, ముగ్గురు ప్రయాణికులు. ఎక్కడా దుబారా చేయకుండానే గీత దగ్గరికి వచ్చేస్తారు. సామాన్లతో సహా ఒకసారి వేబ్రిడ్జి మీద తూయించి, తలుపు దగ్గరి ప్లేటు మీద రాసిన మొత్తం బరువుతో, ఇరుసుల బరువులతో పోల్చుకోండి.

చార్జింగ్ పాయింట్ల దగ్గర పొట్టి బండి పొడవు కలిసొస్తుంది. 4.8 మీటర్ల పార్కింగ్ గడిలో పడుతుంది. సాకెట్ కుడి వెనక పక్కన ఉంటుంది కాబట్టి వెనక్కి పెట్టాలి. టెస్లా 2022 మే నుంచి బ్రిటన్‌లో తన ఫాస్ట్ చార్జర్లయిన సూపర్‌చార్జర్లలో కొన్నింటిని ఇతర బండ్లకూ తెరిచింది, కానీ పాత స్తంభాల కేబుల్ పొట్టి. టెస్లా సాకెట్ ఎడమ వెనక కాబట్టి పక్క గడి ఆక్రమించక తప్పదు. బ్యాటరీ వెచ్చగా ఉంటే పొట్టి బండి 170 కిలోవాట్ల దాకా తీసుకుని 10 నుంచి 80 శాతానికి అరగంటలో చేరుతుంది. చలి రాత్రి బయట నిలిపి పొద్దున్నే నేరుగా చార్జర్‌కు తీసుకెళ్తే ముప్పావు గంట పట్టొచ్చు. అందుకని చార్జింగ్ సాయంత్రం, బండి తోలి వచ్చిన వెంటనే పెట్టుకోండి, పొద్దున కాదు. ఉత్తర స్కాట్లాండ్ తీరం చుట్టివచ్చే నార్త్ కోస్ట్ 500 దారిలో ఉల్లాపూల్, డర్నెస్, థర్సోల్లో చార్జర్లు ఉన్నాయి. ఉల్లాపూల్ నుంచి థర్సో 140 మైళ్లు, ఎండాకాలంలో సుఖంగా పోతుంది. ఊళ్లలో ఒకటో రెండో స్తంభాలే ఉంటాయి, ఒకటి చెడితే ఇంకో ఊరికి పోయేంత మిగుల్చుకోవాలి. అక్కడ 40 శాతం కంటే కిందికి రానివ్వకండి.

డబ్బు లెక్క చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఫాస్ట్ చార్జర్ యూనిట్‌కు 75, 80 పెన్సులు. 54 యూనిట్లకు 42 పౌన్లు, 140 మైళ్లకు. అంటే మైలుకు 30 పెన్సులు. గ్యాలన్‌కు 38 మైళ్లిచ్చే డీజిల్ క్యాంపర్ లీటరు 1.40 పౌన్ల లెక్కన మైలుకు 17 పెన్సులే. ఇంటి దగ్గర రాత్రి రేటు 8 పెన్సులకు నింపితే మాత్రం మైలుకు 3 పెన్సులు. ఏడాదంతా ఆఫీసుకు, బడికి తోలుతూ సెలవుల్లో మూడు వారాలు క్యాంపర్‌గా వాడితే మొత్తం మీద లాభమే. ఇంటి ముందు సొంత పార్కింగ్ లేని ఫ్లాట్‌వాసులకు ఇది దండగ.

పోటీ బండ్లు క్లుప్తంగా. నిస్సాన్ ఈ-ఎన్‌వీ200 సెకండ్‌హ్యాండ్‌లో చౌక, 40 యూనిట్లు, కాగితం మీదే 124 మైళ్లు. దాని ఛాడెమో ప్లగ్గు కొత్త చార్జర్లలో కనుమరుగవుతోంది, వారాంతాలకు తప్ప వద్దు. 75 యూనిట్ల వాక్సాల్ వివారో ఎలక్ట్రిక్ లోపల చదరంగా ఉంటుంది, మార్పులకు సులువు, చార్జింగ్ 100 కిలోవాట్లే. ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్‌లో నిలబడొచ్చు, బయటికి 2.3 కిలోవాట్లిచ్చే ప్లగ్గు పెట్టించుకోవచ్చు. ఎత్తు కప్పుతో 68 యూనిట్ల బండి మోటార్‌వే మీద 120 మైళ్లు దాటడం కష్టం, పొడుగుది చార్జింగ్ గడిలో పట్టదు. 2025లో వచ్చిన కియా పీవీ5 మీద మాకు ఎక్కువ ఆశ. 71.2 యూనిట్ల బ్యాటరీ నుంచే 230 వోల్టులు బయటికి తీసుకోవచ్చు, పైన చెప్పిన ఇన్వర్టర్, లావు తీగ, రెండో బ్యాటరీ గొడవ చాలావరకు పోతుంది. రోజుకు రెండు యూనిట్ల వంటంటే 9 కి.మీ. దారి ఖర్చంతే. ఇప్పుడు డబ్బు చేతిలో పట్టుకుని తొందరేమీ లేనివాళ్లు దాని మీద కట్టిన క్యాంపర్లను చూసి నిర్ణయించుకోవచ్చు.

ఐడి బజ్ క్యాంపరే కావాలనుకుంటే కొనేముందు రెండు రాత్రులు అద్దెకు తీసుకోండి, ఒకటి సైట్‌లో, ఒకటి ప్లగ్గు లేని చోట. రెండో రాత్రి పడుకునేముందు చిన్న బ్యాటరీ వోల్టేజి, వంట బ్యాటరీ శాతం, పెద్ద బ్యాటరీ శాతం మూడూ రాసుకుని తెల్లారాక మళ్లీ చూడండి. చిన్న బ్యాటరీ 12.2 వోల్టుల కిందికి దిగి ఉంటే ఆ మార్పుచేసిన పనిలో ఎక్కడో తప్పుడు తీగ కలిసి ఉంది, ఆ బండి కొనొద్దు.